ఉద్దానము నేర్పిన పాఠము

శ్రీకాకుళము జిల్లా ఈశాన్య భాగమున, ఒక వైపు మహేంద్రగిరి శ్రేణులును, వేరొక వైపు బంగాళాఖాతమును కావలి కాయుచుండగా, నడుమ పచ్చని తివాచి పరచినట్లు ఒక సీమ కలదు. దానిని ఉద్దానము అందురు. ఉద్యానము అను మాటయే ప్రజల నోట ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలోని పెక్కు గ్రామములు ఈ సీమలోనివి. ఎటు చూచినను కొబ్బరిచెట్లు, జీడితోటలు, పనసచెట్లు కన్నుల పండువు చేయుచుండును. పలాస జీడిపప్పు పేరు విననివారు ఆంధ్రదేశమున అరుదు. ఉద్దానపు రైతు కష్టజీవి. తెల్లవారకముందే తోటలోనికి పోవును; ప్రొద్దు క్రుంకిన పిదప ఇల్లు చేరును.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ అను తుపాను పలాసకు చేరువగా తీరము దాటినది. ఆ ఒక్క రాత్రిలో ఏండ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగినవి. ఉద్దానమువారు కన్నీరు తుడుచుకొని మరల మొక్కలు నాటిరి. తుపాను ఎంత భయంకరమైనదైనను, అది చెప్పి వచ్చును. సముద్రము ఘోషించును, గాలి హోరెత్తును, అధికారులు దండోరా వేయింతురు, ప్రజలు పిల్లలను తీసికొని గట్టి కట్టడములకు చేరుదురు. కాని ఈ సీమను తుపానుకంటె ముందునుండియు పీడించుచున్న మరియొక ఆపద కలదు. దానికి హోరు లేదు, ఘోష లేదు. అది మనిషి ఒడలిలో ఏండ్ల తరబడి దాగియుండి, అతడు ఆరోగ్యవంతుడనని నమ్మి తిరుగుచుండగనే అతని మూత్రపిండములను క్షీణింపజేయును.

ఇరవయ్యవ శతాబ్దము ముగియు కాలమునుండి ఉద్దాన గ్రామములలో ఈ వ్యాధి వైద్యుల దృష్టికి వచ్చినది. ముప్పది, నలువది యేండ్ల వయసున ఉన్న దృఢకాయులు, ఎండలో పనిచేయువారు, క్రమముగా నీరసించి పోవుచుండిరి. ఆకలి మందగించుట, కాళ్ళును ముఖమును ఉబ్బుట, ఆయాసము కలుగుట వంటి లక్షణములు కనిపించి ఆసుపత్రికి పోవునప్పటికి వారి మూత్రపిండములు చాలవరకు చెడియుండెడివి. విశాఖపట్టణమున మూత్రపిండ వ్యాధుల నిపుణుడైన డాక్టరు టి. రవిరాజు మున్నగు వైద్యులు గ్రామములకు వచ్చి ప్రజలను పరీక్షించిరి. 2019వ సంవత్సరమున ప్రకటింపబడిన వారి పరిశోధనలో సుమారు 2,200 మందిని పరీక్షింపగా, నూటికి పదునెనిమిది మందిలో మూత్రపిండముల వ్యాధి కానవచ్చినది. అంతకంటె వింతయైన సంగతి వేరొకటి. ఆ రోగులలో అధికసంఖ్యాకులకు మధుమేహము లేదు. అధిక రక్తపోటు లేదు. వ్యాధి ఉన్నది గాని, తెలిసిన కారణము ఏదియు కనబడలేదు.

మూత్రపిండములు చెడిన రోగిని ఏ దేశమున ఏ వైద్యుడైనను మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటి కలదు: “మీకు మధుమేహమున్నదా?” ఈ ప్రశ్నకు కారణము లేకపోలేదు. ప్రపంచమున మూత్రపిండములను చెరచు వ్యాధులలో మొదటి స్థానము మధుమేహముదే. మధుమేహము గల పదిమంది పెద్దలలో ఇంచుమించు ముగ్గురు నలుగురికి మూత్రపిండముల వ్యాధి తోడగును. ఉద్దానపు రోగి ఈ ప్రశ్నకు “లేదండీ” అని బదులు చెప్పెను. ఆ బదులే వైద్యలోకమును ఆలోచింపజేసినది. కావున ఉద్దానపు వ్యాధి ఎందులకు వింతయైనదో గ్రహింపవలెనన్న, ముందుగా మధుమేహమనగా నేమో, అది మూత్రపిండములను ఎట్లు చెరచునో తెలిసికొనవలెను.

మనము తిను అన్నము, అంబలి, పండ్లు మున్నగునవి జీర్ణమై, వానిలోని పిండిపదార్థము గ్లూకోసు అను చక్కెరగా మారి రక్తమున చేరును. శరీరములోని కోట్లకొలది జీవకణములకు ఆ చక్కెరయే ఇంధనము. ఆరోగ్యవంతుడైన మనిషి శరీరమున సుమారు అయిదు లీటర్ల రక్తముండును. పరగడుపున ఆ రక్తమంతటిలో నుండు చక్కెర సుమారు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే. ఇంత తిన్నను, ఇంత పనిచేసినను, రక్తములోని చక్కెర హద్దు మీరకుండ శరీరము నిలుపుకొనుచుండుట ఎంతటి ఆశ్చర్యము!

ఈ పనిని నెరవేర్చునది ఇన్సులిను. కడుపులో జీర్ణకోశమునకు వెనుక క్లోమము అను గ్రంథి కలదు. దానిలోని కొన్ని కణముల గుంపులు ఇన్సులిను అను రసమును తయారుచేసి రక్తములోనికి పంపును. కాలువనిండ నీరు పారుచున్నను తూము తలుపు ఎత్తనిచో మడికి నీరందదు గదా! ఇన్సులిను తూము తలుపెత్తు నీరుకట్టువంటిది. అది వచ్చి తలుపెత్తినగాని చక్కెర రక్తమునుండి కండరములలోనికి పోజాలదు. నీరుకట్టు రాకున్నను, వచ్చినను తూము తలుపు తుప్పుపట్టి కదలకున్నను ఫలితమొక్కటే: మడి ఎండును, కాలువ పొంగును, పొంగిన కాలువ తన గట్టులను తానే కోసికొనును. ఇదియే మధుమేహము. కణములు ఆకలితో నుండగనే రక్తమున చక్కెర పేరుకొనును. ఆ రక్తము ప్రవహించు నాళములు నానాటికి చెడును.

క్లోమము ఇన్సులినును దాదాపుగా తయారుచేయలేని స్థితి మొదటి రకము. ఇది ఎక్కువగా బాల్యమున, యౌవనమున వచ్చును. ఇందులో రోగి దోషము కాని, తల్లిదండ్రుల దోషము కాని లేదు. ఇన్సులిను ఉన్నను శరీరము దానికి లోబడకుండుట, పిదప క్రమముగా ఇన్సులిను చాలకపోవుట రెండవ రకము. మధుమేహ రోగులలో అత్యధికులు ఈ రకమువారే. గర్భవతులైన స్త్రీలలో కొందరికి వచ్చు మధుమేహము వేరొకటి. ఇది కాన్పు తరువాత సాధారణముగా తగ్గిపోవును గాని, వారు ముందు ముందు జాగ్రత్తగా నుండవలెను.

ఈ వ్యాధి మన పూర్వులకు తెలియనిది కాదు. మూత్రము తేనెవలె తియ్యగా నుండుటచే దీనికి మధుమేహమను పేరు వచ్చినది. సుశ్రుతుడు పుట్టుకతో వచ్చు సహజ ప్రమేహమనియు, అపథ్యమువలన వచ్చు ప్రమేహమనియు దీనిని రెండుగా విభజించెను. మొదటి రకము రోగి కృశించియుండుననియు, రెండవ రకము రోగి స్థూలకాయుడై యుండుననియు అతడు గమనించెను. స్థూలకాయునకు నడకయు, శరీరశ్రమయు ఔషధములని చెప్పెను. అంత ప్రాచీన కాలమున, పరికరములు లేని దినములలో, కంటి చూపుతోనే ఇంత సూక్ష్మమును గ్రహించుట మెచ్చదగినది.

వ్యాధిని గుర్తించుట ఒక మెట్టు. ప్రాణము నిలుపుట మరియొక మెట్టు. నూరేండ్ల క్రిందటి వరకు మొదటి రకము మధుమేహము వచ్చిన పిల్లలు బ్రతుకుట అరుదు. ఆహారమును మిక్కిలి తగ్గించి కొన్నాళ్ళు ప్రాణము నిలుపుట తప్ప వైద్యులకు వేరు దారి లేకుండెను. కెనడా దేశమున టొరంటో నగరములో ఫ్రెడరిక్ బాంటింగు అను యువ వైద్యుడును, చార్లెస్ బెస్టు అను విద్యార్థియు 1921వ సంవత్సరము వేసవిలో కుక్కలపై ప్రయోగములు చేసి క్లోమమునుండి ఇన్సులినును వేరుచేసిరి. మాక్లియాడు అను ఆచార్యుడు వారికి ప్రయోగశాలను ఒసగెను. కొల్లిప్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ రసమును శుద్ధిచేసెను. 1922 జనవరి 11వ తేదీన లియొనార్డు థామ్సను అను పదునాలుగేండ్ల బాలునికి మొదటి సూది వేసిరి. ఆ బాలుడు అప్పటికి ఎముకల గూడై యుండెను. మొదటి మందు శుద్ధముగా లేనందున గుణమీయలేదు. వారు అధైర్యపడక, మందును ఇంకను శుద్ధిచేసి అదే మాసము 23వ తేదీన మరల ఇచ్చిరి. రక్తములోని చక్కెర దిగినది. బాలుడు లేచి కూర్చుండెను. అతడు మరి పదమూడేండ్లు జీవించెను. 1923లో బాంటింగు, మాక్లియాడులకు నోబెల్ బహుమానము లభింపగా, వారు ఆ ధనమును బెస్టు, కొల్లిపులతో పంచుకొనిరి. కోట్లు గడింపదగిన ఆ మందుపై హక్కును పరిశోధకులు ఒక్కొక్క డాలరునకు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. బాంటింగు జన్మదినమైన నవంబరు 14వ తేదీని నేడు ప్రపంచ మధుమేహ దినముగా జరుపుచున్నారు. మన దేశమున అదియే బాలల దినోత్సవము కూడ అగుట విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విశేషము.

ఇక మూత్రపిండముల మాట. ఇవి నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడు గింజల ఆకారమున నుండును. ఒక్కొక్కటి పిడికిలి ప్రమాణము. ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల సన్నని జల్లెడలు కలవు. రెండును కలిసి దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, మంచిని మరల రక్తమునకిచ్చి, ఒకటిన్నర లీటరు మాత్రము మూత్రముగా వెలికి పంపును. చక్కెర హెచ్చిన రక్తము ఈ జల్లెడల గుండ ఏండ్ల తరబడి ప్రవహించినచో వాని రంధ్రములు చెడును. అప్పుడు రక్తమున నిలువవలసిన ఆల్బుమిను అను మాంసకృత్తు మూత్రములోనికి కారిపోవును. రోగికి నొప్పి లేదు, వాపు లేదు, కాని మూత్రమును పరీక్షించిన ఆ జాడ దొరకును. అప్పుడు మేలుకొన్నచో మూత్రపిండములను చాలకాలము కాపాడవచ్చును. చక్కెర హద్దులో నుండకపోయినచో కన్నుల వెనుకనుండు సన్నని నాళములు చెడి చూపు తగ్గును, నరములు మొద్దుబారి కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు, పుండ్లు మానవు, గుండెపోటునకు అవకాశము హెచ్చును.

ఇచ్చట మధుమేహమునకును, ఉద్దానపు వ్యాధికిని గల భేదమును చక్కగా గమనింపవలెను. మధుమేహము అడుగుజాడలు విడిచిపోవు దొంగ. మూత్రములో ఆల్బుమిను కనిపించుటయే దాని అడుగుజాడ. ఉద్దానపు వ్యాధి జల్లెడలకంటె వాని క్రిందనున్న నాళికలను, వాని చుట్టునున్న కండను ఎక్కువగా చెరచును. అందువలన చాలమందిలో మూత్రమున ఆల్బుమిను అంతగా కనిపింపదు. మొదట రక్తపోటును పెరుగదు. రక్తములో క్రియాటినిను అను మలినపదార్థము ఎంతయున్నదో కొలిచినగాని ఈ దొంగ చిక్కడు. ఆ హేతువుచేతనే ఇది ఇన్నేండ్లు కనుగప్పి తిరుగగలిగినది.

ఉద్దానపు వ్యాధికి మూలకారణము ఇంకను తేలలేదు. త్రాగునీరు, నేలలోని లోహములు, పురుగుమందులు, మండుటెండలో నీరు త్రాగక పనిచేయుట, వంశలక్షణము మొదలగువానిని శాస్త్రజ్ఞులు అనుమానించి పరిశీలించుచున్నారు. ఇట్టి వ్యాధియే శ్రీలంకలో అనూరాధపురము, పొలొన్నరువ ప్రాంతముల రైతులకును, మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడారు దేశముల చెరకుతోటల కూలీలకును వచ్చుచున్నది. మూడుచోట్లను బాధితులు ఎండలో చెమటోడ్చు శ్రామికులే యగుట ఆలోచింపదగిన సంగతి. కారణము తేలనంత మాత్రమున చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. టెక్కలి, పలాస, సోంపేట, కవిటి, హరిపురములలో డయాలసిస్ కేంద్రములు ఏర్పడినవి. హిరమండలమునుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా ఉద్దాన గ్రామములకు తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి.

అయినను డయాలసిస్ అనగా నేమో ఎరిగినవారికి దాని కష్టము తెలియును. మూత్రపిండములు చేయలేని పనిని యంత్రముచే చేయించుటయే డయాలసిస్. రోగి వారమునకు రెండు మూడు పర్యాయములు, ఒక్కొక్క పర్యాయము నాలుగు గంటలు, యంత్రము ప్రక్కన పరుండియుండవలెను. ఆ దినములలో అతడు తోటకు పోలేడు. వెంట వచ్చిన భార్యయో కుమారుడో కూలికి పోలేరు. త్రాగు నీటికి కొలత. తిను పండునకు కొలత. తన చేతితో నాటిన చెట్టు కొబ్బరిబొండములోని నీరు సైతము అతనికి నిషేధమగును. ఏలయనగా అందు పొటాషియము హెచ్చు. చెడిన మూత్రపిండములు దానిని వెలికి పంపజాలవు. అది గుండెను ఆపివేయగలదు.

“మా ఊరి జబ్బు చక్కెర వలన వచ్చినది కాదు, కావున చక్కెరతో మాకు పని లేదు” అని ఉద్దానమున ఎవరైన తలంచినచో అది పెద్ద పొరపాటు. ఒక బరువుతో వంగిన మనిషి నెత్తిపై రెండవ బరువు ఉంచిన నిలువగలడా? తెలియని వ్యాధి పొంచియున్న సీమలో తెలిసిన వ్యాధిని ఇంటికి పిలుచుకొనుట మరింత ప్రమాదము. మరియు కాలము మారుచున్నది. ఒకప్పుడు చోడి అంబలి త్రాగి మైళ్ళకొలది నడచినవారి మనుమలు నేడు ఒక ఫర్లాంగు దూరమునకును మోటారుసైకిలు ఎక్కుచున్నారు. మూడు పూటల తెల్లని వరియన్నము, సంచులలోని చిరుతిండ్లు, సీసాలలోని తీపి పానీయములు పల్లెలకును ప్రాకినవి. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే ననుసరించి మన దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహమున్నది. 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మమున నిలిచియున్నారు.

ఈ గుమ్మమున నిలుచుట అనగా నేమో ఒక ఊహాచిత్రమువలన తెలియును. కవిటి ప్రాంతమున ఒక గ్రామము. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తన తాతను ఆరోగ్య కేంద్రమునకు రమ్మని పిలుచుచున్నది.

“నాకేమి జబ్బు తల్లీ! ప్రొద్దున తోటకు పోయి సాయంకాలము వచ్చుచున్నాను. మూత్రమునకు చీమలు కూడ పట్టుటలేదు” అనెను తాత.

“తాతా! తిత్లీ తుపాను వచ్చు ముందటి దినమున మన తోట ఎట్లుండెను?”

“ఎట్లుండును? పచ్చగానే యుండెను.”

“మరి పచ్చగా నున్న తోటను విడిచి, మనలనందరను పాఠశాల భవనమునకు ఏల తీసికొనిపోతివి?”

“దండోరా వేసిరి గదా!”

“ఈ పరీక్షయు అట్టి దండోరాయే తాతా. చీమలు పట్టువరకు ఆగుట, గాలి వీచిన తరువాత ఇల్లు విడుచుటవంటిది.”

తాత నవ్వి కండువా భుజముపై వేసికొనెను. పరగడుపున చేసిన పరీక్షలో అతని రక్తమున, ఒక డెసిలీటరునకు 118 మిల్లీగ్రాముల చక్కెర యున్నట్లు తేలినది. నూరు లోపు ఉన్న మంచిది. 126గాని అంతకంటె హెచ్చుగాని ఉన్నచో, మరల పరీక్షించి చూచినను అట్లే యున్నచో, మధుమేహము. తాత ఆ రెండింటి నడుమ గుమ్మమున నున్నాడు. చీమల మాట నమ్మరాదనుటకు కారణము స్పష్టము. రక్తములో చక్కెర సుమారు 180 దాటినగాని సాధారణముగా మూత్రములోనికి రాదు. అంతవరకు వ్యాధి చాటుననే పెరుగుచుండును.

గుమ్మమున నున్నవాడు వెనుకకు మరలవచ్చును. ఇది ఊరకయే చెప్పు మాట కాదు. చెన్నపట్టణమున డాక్టరు రామచంద్రను మున్నగువారు, ఇట్లు గుమ్మమున నున్నవారికి దినమును కొంతసేపు చురుకుగా నడచుటయు, మితాహారమును అలవాటు చేసి మూడేండ్లు పరిశీలించిరి. మధుమేహము వచ్చుట వారిలో నూటికి 28 పాళ్ళు తగ్గినది. 2006లో ఈ ఫలితము ప్రకటితమైనది. అమెరికాలో జరిగిన ఇట్టి పరిశోధనలో ఇంకను హెచ్చు ఫలము కనిపించినది.

నివారణ మార్గములు కఠినమైనవి కావు. వారమునకు నూటయేబది నిమిషములకు తక్కువ కాకుండ చురుకుగా నడువవలెను, లేదా ఆటలాడవలెను. పళ్ళెములో సగము కూరలు, ఆకుకూరలు ఉండవలెను. పప్పుగాని చేపగాని తోడుండవలెను. అన్నము వానికి మించరాదు. చోళ్ళు, సామలు, కొర్రలు మరల వంటింటికి రావలెను. కాని చోడి అంబలియైనను మితము మీరిన చక్కెరయే యగునని మరువరాదు. పనసతొనలు పండుగకు రెండు తినుట వేరు, పనసపండు ముందు కూర్చుండుట వేరు. దాహమైనచో నీరును మించిన పానీయము లేదు. ఎండలో పనిచేయువారు దాహమగువరకు ఆగక మాటిమాటికి మంచినీరు త్రాగవలెను, నీడన విశ్రమింపవలెను. పొగాకును దరిచేరనీయరాదు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకుండ చూచుకొనవలెను. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును ఏటేట చక్కెరను, రక్తపోటును పరీక్షింపించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్షలు ఉచితము. ఉద్దానమువారు క్రియాటినిను పరీక్షను కూడ చేయించుకొనుట అవసరము.

చేయరాని పనులును కొన్ని కలవు. ఒళ్ళునొప్పులకు దుకాణమున బిళ్ళలు కొని దినదినము మ్రింగుట మూత్రపిండములకు హాని. చక్కెరను వేళ్ళతో పెరికివేయుదుమని చెప్పువారి పసరులను, పొడులను నమ్మి వైద్యుడిచ్చిన మందు మానుట ఆత్మహానియే. ఇన్సులిను మొదలిడిన ప్రాణము ముగియునను భయము అర్థము లేనిది. లియొనార్డు థామ్సను కథ దానికి సాక్ష్యము. మందు వేసికొని భోజనము మానిన చక్కెర మితిమీరి తగ్గి చెమటయు, వణకును పుట్టును. అట్టివేళ వెంటనే కొంచెము చక్కెర నోట వేసికొనవలెను. ఈ వ్యాధులు ఒకరినుండి మరియొకరికి అంటునవి కావు. రోగి యున్న ఇంట సంబంధము చేసికొనుటకు జంకుట, ఆ ఊరి నీరు త్రాగుటకు వెనుదీయుట వ్యాధికి తోడు అవమానమును కూడ రోగి నెత్తిన పెట్టుట యగును.

తెలియని వ్యాధితో పోరాడుట శాస్త్రజ్ఞుల పని. వారు పలాసలోను, విశాఖలోను, దేశాంతరములలోను ఆ పనిని చేయుచున్నారు. తెలిసిన వ్యాధిని నివారించుట మాత్రము ప్రతి ఇంటి పని. ఉద్దానపు రైతు తనకు ఏల వ్యాధి వచ్చినదో ఎరుగక కృశించెను. అందు అతని దోషము లేదు. మధుమేహము ఏల వచ్చునో, ఎట్లు ఆగునో మనము ఎరుగుదుము. ఎరిగియు ఊరకుండుట మాత్రము దోషమే.

ఆ గ్రామమున తాత ఇప్పుడు ప్రతి సాయంకాలమును తోటగట్టు వెంబడి మనుమరాలితో నడచుచున్నాడు. తిత్లీ కూల్చిన చోట నాటిన కొబ్బరిమొక్కలు అతని ఎత్తును దాటినవి. అవి కాయలు కాచునంతకాలము తాను బ్రతుకవలెనని అతని కోరిక. మరుసటి పరీక్ష ఎన్నడో అతనికి గుర్తులేదు. మనుమరాలికి గుర్తున్నది.

ప్రశ్నలు

1. ఉద్దానపు వ్యాధి వైద్యలోకమును ఎందులకు ఆశ్చర్యపరచినది?
2. ఇన్సులిను చేయు పనిని పాఠములో దేనితో పోల్చిరి? ఆ పోలికను విశదీకరింపుము.
3. మధుమేహము వలన మూత్రపిండములు చెడుటకును, ఉద్దానపు వ్యాధికిని గల భేదమేమి?
4. మూత్రమునకు చీమలు పట్టుట లేదు గనుక మధుమేహము లేదనుట ఏల తప్పు?
5. మీ ఇంటిలో ముప్పది యేండ్లు దాటినవారు ఎందరు? వారిలో ఈ ఏడు పరీక్ష చేయించుకొన్నవారెందరు? కనుగొని వ్రాయుము.